గదిలో ఆకుతోట

మునిరామయ్య చిత్తూరుకు వచ్చిన మరునాడే తన మూట కట్టి ముందుగది గోడకున్న మేకుకు తగిలించాడు. ఒక పంచె, ఒక తువ్వాలు, వక్కాకు సంచి, అంతే ఆ మూటలో సరుకు. తెల్లవారి లేస్తూనే దాన్ని ఒకసారి తడిమి చూసుకుని కొడుకును పిలిచేవాడు.

"రేయ్ ఏకాంబరా, ఈ పొద్దు పుత్తూరు బస్సు ఉండాదేమో కనుక్కో."

"సాయంత్రం కనుక్కుంటాలే నాయనా."

ఈ ప్రశ్నకూ ఈ జవాబుకూ ఇద్దరూ అలవాటు పడిపోయారు. ఏకాంబరం కనుక్కోడని తండ్రికి తెలుసు. తండ్రి మరునాడు మళ్ళీ అడుగుతాడని కొడుక్కు తెలుసు.

వాళ్ళది సత్యవేడు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి ఆకుతోట, అంటే తమలపాకు తోట, వాళ్ళ జీవనం. అవిసె చెట్ల మీదికి తీగలను పాకించి, నిచ్చెన వేసుకుని ఎక్కి ఆకు కోయాలి. ఆ పనిలో మునిరామయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. అటువంటి మనిషి ఆ ఏడు శివరాత్రి ముందు నిచ్చెన మీది నుంచి జారిపడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. బండిలో వేసుకుని పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. చివరి కట్టు విప్పిన రోజున కట్టు కట్టే పెద్దమనిషి ఏకాంబరాన్ని పక్కకు పిలిచాడు.

"ఎముక అతుక్కునిందప్పా. అయితే ఇంకా పచ్చిగా ఉండాది. నడవనీ, తిరగనీ, పరవాలేదు. వానలు పడేదాకా నిచ్చెన మాత్రం ఎక్కనీయొద్దు. ఇంకోసారి పడినాడంటే ఆ కాలు మళ్ళీ నడిచే కాలు కాదు."

ఊళ్ళో ఉంటే మునిరామయ్య ఎక్కకుండా ఉండడు. ఆపగలిగినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అందుకే ఏకాంబరం ఆయన్ను పుత్తూరు నుంచి నేరుగా చిత్తూరుకు, మిట్టూరులో తాను అద్దెకున్న ఇంటికి తీసుకొచ్చేశాడు. తీసుకురావడమైతే అయింది, నిలపడమే కష్టంగా ఉంది. వాళ్ళ వంశంలో బి.ఏ. చదివిన మొదటివాడు ఏకాంబరం. కలెక్టరాఫీసులో తాలూకాల నుంచి వచ్చే ఎంత చిక్కు కాగితానికైనా జవాబు రాసి పంపేవాడు. కానీ "నేను ఈడ కూర్చోని ఏం చెయ్యాల రా?" అన్న తండ్రి ప్రశ్నకు మాత్రం అతనికి జవాబు దొరికేది కాదు. ఆ ఇంట్లో పెరడు లేదు. వీధిలో రాళ్ళు పరిచి ఉన్నాయి. జీవితమంతా మట్టిలో చేతులు పెట్టినవాడు రోజంతా అరుగు మీద కూర్చుని వచ్చే పోయే జట్కాలను ఎంతకని చూస్తాడు?

ఆ ఇంటి యజమానురాలు చంద్రకాంతమ్మ. ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్. వీధి వైపు గదులు ఏకాంబరానికి ఇచ్చి, వెనక భాగంలో తానుండేది. వేసవి సెలవులు ఇవ్వగానే కూతురి కాన్పుకని మద్రాసుకు బయలుదేరుతూ, ఒక మట్టి తొట్టిని తానే రెండు చేతులా పట్టుకుని వీళ్ళ ముందుగదిలోకి తెచ్చింది. తొట్టి నిండా పొడవాటి పచ్చని ఆకులు, దువ్వెనకు ఇరుపక్కలా పళ్ళున్నట్టు, బరువుకు అన్ని వైపులా వంగి ఉన్నాయి.

"దీన్ని ఫెర్ను అంటారు ఏకాంబరం. తలకోనకు మా బడి పిల్లలను తీసుకుపోయినప్పుడు నీళ్ళ పక్కన రాతిసందులోంచి తెచ్చుకున్నాను. ఇంట్లోనే పెంచుతున్నాను. వెలుతురు తగలాలి, ఎండ తగలకూడదు. మన్ను తడిగా ఉండాలి, బురద కాకూడదు. వేడిగాలి కొట్టిందంటే ఒక్క పూటలో మాడిపోతుంది. నా గదులు తాళం వేసి పోతున్నాను కనుక మీకు అప్పగిస్తున్నాను."

ఏకాంబరం చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు. మూల కూర్చున్న మునిరామయ్య మాత్రం ఊరుకోలేదు.

"ఇది పూస్తాదా అమ్మా?"

"పూయదు పెద్దాయనా."

"కాస్తాదా?"

"కాయదు."

"ఆకు తింటారా?"

"తినరు."

"మరి దేనికమ్మా ఇది?"

"చూడ్డానికి."

మునిరామయ్య చాలాసేపు నవ్వాడు. ఆమె వెళ్ళిపోయిన తరువాత కూడా తనలో తాను "సూడ్డానికంట!" అనుకుని నవ్వుతూనే ఉన్నాడు.

ఏకాంబరం ఒప్పుకున్న పనిని శ్రద్ధగా చేసే మనిషి. బురద కాకూడదన్నది కదా అని, ఆఫీసుకు పోయేముందు చిన్న లోటాతో కాసిని నీళ్ళు కొలిచినట్టు పోసేవాడు. రోహిణి ఎండలు ఇంకా రాకముందే ఆ ఏడు చిత్తూరు ఉడికిపోతోంది. నాలుగు రోజులు గడిచేసరికి ఆకుల కొనలు ఎండి ముడుచుకున్నాయి. చూసి చూసి ఒక పొద్దున మునిరామయ్య లేచి, కుంటుకుంటూ వచ్చి, తొట్టిలోకి వేలు గుచ్చాడు.

"రేయ్, ఇది ఏమన్నా కాకి అనుకున్నావా, ముక్కు తడుపుకోని ఎగిరిపోయేదానికి? లోపల సూడు, పొడి మన్ను!"

"టీచరమ్మ బురద కాకూడదన్నది నాయనా."

"బురద వద్దంటే ఎండగట్టమనా? జరుగు."

ఆ రోజు నుంచి ఏకాంబరం చేతిలోంచి ఆ పని పోయింది. మునిరామయ్య కోడలు రుక్మిణమ్మ చేత వెడల్పాటి పాత ఇత్తడి తాంబాళం తెప్పించాడు. దాంట్లో ఏటి ఇసుక పోసి, నీళ్ళతో తడిపి, మూడు రాళ్ళు పెట్టి, వాటి మీద తొట్టిని నిలబెట్టాడు. మంచినీళ్ళ కడవ మూలనుంటే దాన్ని తొట్టి పక్కకు జరిపించాడు. పడమటి కిటికీకి తడిపిన గోనె కట్టాడు. కిటికీ వెలుతురు వచ్చే చోటు, ఎండ పొడ రాని చోటు వెతుకుతూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తొట్టిని అటూ ఇటూ జరిపించేవాడు.

"ఇదేమంత కొత్త కాదు లేమ్మా," అన్నాడు కోడలితో. "ఆకుతీగకు ఏం కావాల్నో దీనికీ అదే. నీడ, తడి, మెత్తని గాలి. ఇది మన ఆకుతోటే. కాకపోతే గదిలో ఉండాది."

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చిందే తడవు, ఆకుతోట కట్టుబాట్లన్నీ గదిలోకి వచ్చేశాయి. ఆకుతోటలోకి చెప్పులతో పోరు. చుట్ట తాగరు. స్నానం చేయకుండా గట్టు దాటరు. ఆ పక్క పల్లెల్లో గుడికెంత మడో ఆకుతోటకూ అంతే.

మొదట చిక్కింది పక్కింటి రాజారత్నం. మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. సాయంత్రాలు చుట్ట ముట్టించుకుని వచ్చి, ఏకాంబరం తెప్పించే పత్రికలో యుద్ధం వార్తలు పైకి చదివి, వాటి మీద తన అభిప్రాయం చెప్పిపోవడం ఆయనకు అలవాటు. ఆ సాయంత్రం గుమ్మంలోనే మునిరామయ్య చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఏమప్పా, చెప్పులు ఆడ ఇడువు. ఆ చుట్ట కూడా ఆడే."

"ఏం పెద్దాయనా, లోపల సామిని పెట్టినారా?"

"సామి కంటే మెత్తనిది ఉండాది. పొగ తగిలితే ఓర్వదు."

రాజారత్నం తొంగి చూసి తొట్టిని చూశాడు. "దీనికా! మా ఏసు గుడిలో కూడా ఇంత మడి లేదప్పా!"

"మీ గుడిలో మీ పాదిరి సెప్పినట్టు ఇంటావు గదా? ఈడ నేను సెప్పినట్టు ఇను."

ఆ రోజు నుంచి యుద్ధం అరుగు మీదికి మారింది. రాజారత్నం బయట కూర్చుని గట్టిగా చదివితే, మునిరామయ్య లోపలి నుంచి ఊ కొట్టేవాడు.

రుక్మిణమ్మ కూడా తప్పించుకోలేకపోయింది. "మామా, వంటింట్లోకి పోవాల్నంటే ఈ గది దాటే గదా పోవాల. పొద్దన్నే లేచి స్నానం కాకుండా ఎట్ల పోయేది? ఎగిరి పోయేదా?"

మునిరామయ్య ఆలోచించాడు. "నువ్వు ఇంటి మనిషివి గదమ్మా. ఆ గోడ పక్కగా పో."

ఆమె నవ్వు ఆపుకుంటూ గోడ పక్కగానే పోయేది. ఏకాంబరం కూడా స్నానం చేసి, ఉత్తికాళ్ళతో, గోడ పక్కగానే పోయేవాడు. అతనికి అందులో నవ్వులాటేమీ కనిపించలేదు. తండ్రి పొద్దున లేచి బస్సు సంగతి అడగడం మానేశాడు. లేస్తూనే తొట్టి దగ్గరికి పోతున్నాడు. కాలు ఈడ్చడం తగ్గింది. మధ్యాహ్నం కునుకు పట్టే ముందు తడిగోనె మీదుగా వచ్చే చల్లగాలి తొట్టికి తగులుతున్నదీ లేనిదీ అరచెయ్యి పెట్టి చూసుకుని పడుకుంటున్నాడు. ఫెర్ను కూడా ఆయన మాట విన్నది. ఎండలు ముదిరేకొద్దీ వీధిలో వేపచెట్లే వాడిపోతుంటే, గదిలో అది నేలను తాకేటంతగా ఆకులు వేసింది. వంటింటి నుంచి వచ్చేవాళ్ళు దాని ఆకుల మీద పాదం పడకుండా చూసుకోవలసి వచ్చేది. ఏకాంబరానికి ఆ దినాల్లో ఆఫీసు నుంచి ఇంటికి రావడమంటేనే సంతోషంగా ఉండేది. ఇట్లాగే వానల దాకా గడిచిపోతే చాలునని అనుకునేవాడు.

ఒక సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి గదిలో ఏదో వాసన. ఆకు కాల్చిన వాసన. రుక్మిణమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. మునిరామయ్య గోడకు ఆనుకుని, పెద్ద పని ముగించిన మనిషిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తొట్టిలో మన్ను, మన్ను మధ్యలో మొండి కాడల గుత్తి. అంతే.

ఏకాంబరం తొట్టి వైపు రెండడుగులు వేశాడు.

"తెగులు రా," అన్నాడు మునిరామయ్య కళ్ళు తెరవకుండానే. "పొద్దన నీళ్ళు చల్లతా ఒక ఆకు తిప్పి సూసినా. కింద పక్కంతా గోధుమరంగు సుక్కలు. ఇంకో ఆకు తిప్పితే దాని కిందా అంతే. ఒక్క ఆకు ఇడవకుండా పట్టేసింది."

ఆయన చిన్నప్పుడు ఊళ్ళో ఆకుతోటలకు చుక్క తెగులు వచ్చి, తీగన్నది లేకుండా పోయిన సంగతి ఏకాంబరం చాలాసార్లు విన్నాడు. చుక్క కనిపించిందంటే ఆ ఆకును గోటితో గిల్లి, పొద్దు గూకక ముందే కాల్చెయ్యాలి, పక్క ఆకును చూసి జాలిపడకూడదు. అది ఆకుతోట వాళ్ళు పిల్లలకు మొదట నేర్పే పాఠం. మునిరామయ్య బొటనవేలి గోరు ఆ పని కోసమే పొడుగ్గా పెరిగి ఉండేది.

"నేను చెప్పి చూసినా," అన్నది రుక్మిణమ్మ మెల్లగా. "ఆయనొచ్చినాక ఒక మాట అనుకుందాం మామా అంటే, నీ మొగుడొచ్చేదాకా తెగులు ఆగతాదా అన్నాడు."

ఏకాంబరం తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. తనకు తెగుళ్ళ సంగతి తెలియదు. అతను చదివింది చరిత్ర. తండ్రి చేసింది తప్పని చెప్పగలిగిన ఆధారం ఏదీ అతని దగ్గర లేదు. ఒప్పని నమ్మగలిగిన ధైర్యమూ లేదు. చంద్రకాంతమ్మకు ఏమని చెప్పాలి?

రుక్మిణమ్మ దగ్గరికి వచ్చి ఆ మొండి గుత్తిని చూసింది. అంతసేపు బిగపట్టుకున్నది ఇక ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిరుపతికి పోయి మొక్కు తీర్చుకోని వచ్చినట్టుండాది గదా!"

మునిరామయ్య ఒక కన్ను తెరిచాడు. అది నిజంగానే గుండు చేయించుకుని వచ్చినట్టు ఉండటంతో ఆయనకూ నవ్వొచ్చింది. ఏకాంబరం ఒక్కడే నవ్వలేకపోయాడు.

తరువాతి వారమే చంద్రకాంతమ్మ దిగింది. మనవడు పుట్టాడనీ, తల్లీ బిడ్డా క్షేమమనీ, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు దారిలో రెండు చోట్ల ఆగిపోయిందనీ చెప్పి, తొట్టి వైపు చూసి, ఆగిపోయింది. ఏకాంబరం నిలబడే మొత్తం చెప్పేశాడు. తండ్రిని అడ్డం పెట్టుకోకుండా, అప్పగించుకున్నది తాను కనుక తప్పు తనదేనని చెప్పాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. తరువాత మునిరామయ్యను అడిగింది.

"ఆ చుక్కలు ఎట్లా ఉన్నాయి పెద్దాయనా? చెదురుగానా, వరసగానా?"

"వరసగానే అమ్మా. ఈనెకు ఈ పక్కొక వరస, ఆ పక్కొక వరస. రవికెకు గుండీలు కుట్టినట్టు."

"తెగులు అట్లా వరసలు కట్టి వస్తుందా?"

మునిరామయ్య జవాబు చెప్పబోయి ఆగాడు. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. ఆకుతోటలో తెగులు చుక్క ఎట్లా ఉండేదో జ్ఞాపకం చేసుకుంటున్నాడని ఏకాంబరానికి తెలిసింది.

"రాదు," అన్నాడు చివరికి.

"అవి దాని విత్తనాలు. పువ్వూ కాయా లేని మొక్క కదా, ఆకు కిందనే విత్తనపు పొడి కట్టుకుంటుంది. అదీ మొక్క బాగా బలంగా ఉన్నప్పుడే. నా దగ్గర ఇన్నాళ్ళున్నా ఒకటో రెండో ఆకులకు తప్ప కట్టలేదు." ఆమె కాడల మీద వేలు పెట్టి చూసింది. "మీ దగ్గర ప్రతి ఆకుకూ కట్టింది."

మునిరామయ్య తన బొటనవేలి వైపు చూసుకున్నాడు.

"దాన్ని నాకు మళ్ళీ ఇచ్చెయ్యండి," అన్నది చంద్రకాంతమ్మ. "వేరు బాగుంటే వస్తుంది."

"వద్దమ్మా," అన్నాడు మునిరామయ్య. గొంతు గట్టిగానే ఉంది. "ఈ చేత్తో గొరిగినా. దానికి మళ్ళీ చిగురొచ్చేదాకా నేను ఈడ్నించి కదల్ను. మా ఆకుతోట మీద ఒట్టు. చిగురొచ్చినాక నీ గదిలో పెట్టి, నా దారిన నేను పోతా."

ఆమె ఒప్పుకుంది. మనసులో కష్టం ఉన్నా పైకి కనపడనివ్వని మనిషి ఆమె. పోతూ పోతూ తడిపిన గోనెను చూసి, "ఇది మంచి ఉపాయం," అనింది.

ఏకాంబరం ఆ సాయంత్రం అరుగు మీద ఒక్కడే కూర్చుని సిగ్గుపడ్డాడు. సిగ్గు ఎందుకంటే, పరాయి ఆడమనిషి ప్రేమగా పెంచుకున్న మొక్క మోడైతే, తనకు లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. తాను బతిమాలినా, కోడలు బతిమాలినా నిలవని మనిషి, ఇప్పుడు పొమ్మన్నా పోడు.

వైశాఖం గడిచి జ్యేష్ఠం వచ్చింది. ఎండకు గోడలు కాలుతున్నాయి. మునిరామయ్య ఇసుక తడపడం, గోనె తడపడం ఒక్క పూట కూడా మానలేదు. అయితే మొండి కాడల మీద నీళ్ళు చల్లడం మానేసి, మన్ను మాత్రం చెమ్మగిల్లేటట్టు చుట్టూ కొంచెం కొంచెంగా పోసేవాడు. రాజారత్నం పత్రిక చదవడానికి వచ్చినప్పుడు "ఏం పెద్దాయనా, మీ సామికి వెంట్రుకలు వచ్చినాయా?" అని బయటి నుంచే అడిగేవాడు. "వస్తాయి లే. నీ జర్మనీ వాడు ఓడిపోయే లోపల వస్తాయి," అని ఈయన అనేవాడు.

ఒక పొద్దున ఏకాంబరం మంచినీళ్ళు ముంచుకోవడానికి కడవ దగ్గరికి వచ్చాడు. మునిరామయ్య స్నానానికి పోయి ఉన్నాడు. తొట్టిలో మొండి కాడల మధ్య ఒక రోకలిబండ పురుగు చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. గోధుమరంగు, పైన సన్నని నూగు. వేరు తినేస్తుందేమోనని ఏకాంబరం చీపురు పుల్ల తెచ్చి దాన్ని బయటికి నెట్టబోయాడు. అది కదలలేదు. వంగి చూశాడు. పురుగు కాదు. మట్టిలోంచే పుట్టుకొచ్చి, తల లోపలికి ముడుచుకుని ఉంది. ఆ చుట్టలో, లోపలి మడతలో, పచ్చదనం.

అతను చేతిలో పుల్లతో అట్లాగే ఉండిపోయాడు. చిగురు.

మొదట వచ్చింది సంతోషం. నాయనా అని పిలవబోయాడు కూడా. అంతలో మేకుకు వేలాడుతున్న మూట కంటబడింది. ఇప్పుడు చెబితే ఒట్టు తీరిపోతుంది. వానలింకా రాలేదు. ఊళ్ళో ఇది ఆకు కోత కాలం, పెళ్ళిళ్ళ కాలం. పోయిన మరునాడే నిచ్చెన ఎక్కుతాడు. ఏకాంబరం లేచి నిలబడ్డాడు. అబద్ధం చెప్పడు. సాయంత్రం చెబుతాడు, అంతే. సాయంత్రానికీ పొద్దుటికీ తేడా ఏముంది? అట్లా సమాధానం చెప్పుకుని ఆఫీసుకు పోయాడు. ఆ రోజంతా రాసిన కాగితంలో ఏముందో రాసినవాడికే తెలియలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అరుగు మీద తిరుమలయ్య కూర్చుని ఉన్నాడు. మునిరామయ్య తమ్ముడు. ఊళ్ళో తోట చూసుకుంటున్నది ఆయనే. పక్కన దుమ్ము కొట్టుకున్న సంచి.

"రాప్పా ఏకాంబరం! నీకోసమే కనిపెట్టుకోని ఉండా. ఆఖరు బస్సుకు మీ నాయనను పిలుచుకోని పోదామని వచ్చినా."

"ఏం చిన్నాయనా, అంత తొందర?"

"తొందర కాకుండా? జ్యేష్ఠంలో ముహూర్తాలు ఎన్నుండాయో నీకు తెల్దా? ఆకు ముదిరిపోతా ఉండాది. ఎక్కేవోళ్ళు ఇద్దరూ పట్టాళంలో చేరిపోయినారు. నాకా, ఈ మధ్య నిచ్చెన మీద తల తిరగతాది. అన్న వచ్చి ఆ తూరుపు వరసలు కోసిస్తే చాలు. నడస్తా ఉండాడే, కాలు బాగైంది గదా!"

మునిరామయ్య లోపల తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. "కాలుకేం, బాగానే ఉండాది," అన్నాడు. ఆయన ఎప్పుడూ అట్లాగే అంటాడు.

"బాగుంటే లెయ్యి అన్నా. మూట కూడా కట్టే పెట్టుకోని ఉండావు."

"ఒట్టు పెట్టుకున్నా గద రా."

"కోడలు చెప్పిందిలే." తిరుమలయ్య నవ్వుతూ లోపలికి వచ్చాడు. "మన ఊళ్ళో ఎకరం తీగను ఇడిచిపెట్టి, ఈడ ఒక కుండకు కావలి కూర్చున్నావంటే ఎవురైనా నమ్ముతారా? సరే, చిగురొచ్చిందా లేదా? ఏకాంబరం, నువ్వు చెప్పప్పా. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు. వచ్చిందా?"

ఆయన అన్నది నిజం. ఏకాంబరం అబద్ధమాడలేడు. చిన్నప్పుడు బడిలో ఆడలేదు, ఆఫీసులో ఆడలేదు, ఇప్పుడు చిన్నాయన ముఖం చూస్తూ ఆడటం చేతకాదు. వచ్చిందని చెప్పాలి. చెబితే ఇంకో గంటలో నాయన బస్సులో ఉంటాడు. రేపు పొద్దున నిచ్చెన మీద ఉంటాడు. అతను నోరు తెరిచాడు.

"వాణ్ణేం అడగతావు?" అన్నాడు మునిరామయ్య. "పొద్దన పోతే పొద్దు గూకి వస్తాడు. పగలంతా దీని దగ్గర కూర్చుండేది నేను. చిగురూ లేదు గిగురూ లేదు. ఇంకా యాడ!"

ఏకాంబరం తొట్టి వైపు చూశాడు. పొద్దున అక్కడ ఉత్త మన్ను ఉండింది. ఇప్పుడు మొండి కాడల చుట్టూ మెత్తగా దూసిన కొబ్బరి పీచు పరిచి ఉంది. చిగురు ఉన్న చోట పీచు కొంచెం ఎత్తుగా, చేత్తో సర్దినట్టు ఉంది.

అతను తెరిచిన నోరు మూసుకున్నాడు.

"మరి ఆకు సంగతి?" అన్నాడు తిరుమలయ్య నీరుగారిపోయి.

"పక్కూరి శాంతయ్య కొడుకులు ఉండారు గదా. వాళ్ళను పిల్చుకో. వాళ్ళకు ఎక్కడం తెలుసు. నేను చెప్పినానని చెప్పు."

"వాళ్ళనా! బయటోళ్ళ చెయ్యి పడితే మన తీగ ముడుచుకుంటాదని నువ్వే గదా అంటివి! ఇరవై ఏండ్లుగా ఒక్కర్ని రానిచ్చినావా?"

"అంటి. ఇప్పుడు రానీ అంటాండా. ఈనె తెగకుండా కోయమను. కింద నిలబడి నువ్వు సూసుకో."

తిరుమలయ్య అన్న ముఖంలోకి కొంతసేపు చూశాడు. ఏమనుకున్నాడో, ఇంకేమీ వాదించలేదు. రుక్మిణమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, సంచి భుజానికి వేసుకున్నాడు. ఏకాంబరం బస్సు దాకా తోడుపోయి ఎక్కించి వచ్చాడు. దారిలో చిన్నాయన "శాంతయ్య పెద్దకొడుకు మంచోడే," అని రెండు మాట్లు తనకు తానే చెప్పుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి రుక్మిణమ్మ దీపం వెలిగించి ఉంది. మునిరామయ్య అదే పీట మీద ఉన్నాడు. ఏకాంబరం ఎదురుగా కూర్చున్నాడు.

"నాయనా, ఆ పీచు..."

"మొన్ననే సూసినా," అన్నాడు మునిరామయ్య. "ఇయ్యాల నువ్వు కూడా సూసినావని నాకు తెలుసు. చీపురు పుల్ల ఈడే ఇడిచిపెట్టి పోయినావు."

"చిన్నాయనతో అబద్ధమాడినావే!"

"నువ్వేం చెప్పినావు రా?"

"నేనేం చెప్పలేదు."

"అందుకే నిన్ను కలెక్టరాఫీసులో పెట్టుకోనుండారు."

వంటింట్లోంచి రుక్మిణమ్మ నవ్వు వినిపించింది. ఏకాంబరం కూడా నవ్వాడు. కానీ తండ్రి నవ్వలేదు. బాగైన కాలును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నిమురుకున్నాడు.

"కాలు నొప్పి లేదు రా. నిజంగానే లేదు. నిచ్చెన తలుచుకుంటే మాత్రం దానంతటదే వణకతాది. ఆ పొద్దు మెట్టు జారినప్పుడు చేతికి ఒక తీగ చిక్కింది. పట్టుకుంటే అది కూడా నాతో వచ్చేసింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే. దాన్ని మీ చిన్నాయన ముందర ఎట్ల చెప్పేది? ఊళ్ళో నా ఎనకాల ఎక్కడం నేర్చుకున్నోడు వాడు."

ఏకాంబరానికి అంతవరకు తెలిసింది ఎముక సంగతే. కట్టు కట్టిన పెద్దమనిషి చెప్పింది కూడా ఎముక గురించే. ఇన్నాళ్ళూ తాను తండ్రిని పట్టి ఉంచుతున్నాననుకున్నాడు. "ఎక్కొద్దులే నాయనా," అన్నాడు.

"ఎక్కను. వానలు పడినాక పోతా. కింద కూర్చోని ఆకు లెక్కేసి కట్టలు కడతా. అది కూడా ఒకరు చెయ్యాల్సిన పనే గదా? కోయడం పిల్లోళ్ళు కోస్తారు." పీటను తొట్టి దగ్గరికి జరుపుకున్నాడు. "అంతదాకా ఈడే ఉంటా. నీకేమన్నా అడ్డమా?"

"అదేం మాట నాయనా!"

"టీచరమ్మకు మాత్రం రేపు పొద్దన నువ్వే చెప్పు. ఆమెకు ఇంకొక్క దినం కూడా దాచకూడదు. నేను మాటిచ్చినా."

ఆయన వంగి, పొడుగు గోటితో పీచును పక్కకు తీశాడు. ఏకాంబరం దీపం దగ్గరికి జరిపాడు. పొద్దున చూసిన చుట్ట కొంచెం తల ఎత్తి ఉంది. దాని వెనక, అతను చూడనిది, ఇంకొకటి. కాడల అవతల మట్టిని పగలగొట్టుకుని మూడోది, ఇంకా గుండుసూది తలంత.

"ఇవి విప్పుకోవాల్నంటే ఎన్ని దినాలు పడతాదో నాకు తెల్దు," అన్నాడు మునిరామయ్య. "ఆకుతీగైతే చెప్పుదును. ఇది నాకు కొత్త."

"టీచరమ్మను అడుగుదాం."

"అడుగుదాం."

"సంగటి చల్లారిపోతాండాది, వస్తారా లేదా?" అని రుక్మిణమ్మ కేకవేసింది. ఏకాంబరం చెయ్యి అందించాడు. మునిరామయ్య ఆ చెయ్యి పట్టుకుని లేచి, బరువంతా కొడుకు మీద వేసి, వంటింటి వైపు నడిచాడు.